తొక్కు డబ్బాకు వచ్చిన రియాళ్లు

రియాళ్లే తెచ్చుకోండి బంగారాలూ, అవీ చిన్న నోట్లు. నిన్న మీరు ఫోన్‌లో, “అమ్మమ్మా, సౌదీకి డాలర్లు తేవాలా, రియాళ్లు తేవాలా?” అని అడిగినప్పుడు నేను వంటింట్లో డబ్బాలోకి పసుపు పోసుకుంటున్నాను. ఘాటైన ఆ పసుపు వాసన, మీ ప్రశ్న రెండూ ఒక్కసారే తగిలేసరికి నేను మొదటిసారి ఇక్కడ దిగిన రోజు గుర్తొచ్చింది. డబ్బు మార్చుకోవడం గురించి నాకు తెలిసిందంతా మెహరున్నీసా ఆపా, అంటే మెహరున్నీసా అక్క, నేర్పిందే. మీరు ఆమెను చూడలేదు కనుక కాస్త వివరంగా చెబుతాను.

ముప్పై అయిదేళ్ల కిందట, రెండేళ్ల మీ అమ్మను చంకనేసుకుని విజిట్ వీసా మీద దమ్మాంలో దిగాను. మీ తాత అప్పుడు దమ్మాంకు అయిదారు గంటల దూరంలోని అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫారంలో కరెంటు పని చేసేవారు. విమానాశ్రయానికి వస్తానన్న ఆయన కనిపించలేదు. ఫోన్ చేద్దామన్నా, పిల్లకు పాలు కొందామన్నా చేతిలో రియాళ్లు లేవు. మా అన్న నా డబ్బంతా డాలర్లు చేయించి ఇచ్చాడు. జగిత్యాలలో బయలుదేరే ముందు ఆ నోట్లను దేవుడి దగ్గర పెట్టి, పసుపు కుంకుమ అద్ది, చిన్నగా మడిచి జాకెట్టులో దాచుకున్నాను. శుభంగా వెళ్లి శుభంగా రావాలని ఇంట్లో ఏ కొత్త వస్తువుకైనా చేసే పనే అది. డబ్బు మార్చే కౌంటర్‌లోని అతను నోటు విప్పి చూశాడు, మరక మీద వేలు పెట్టాడు, తల అడ్డంగా ఊపి వెనక్కి తోశాడు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. మీ అమ్మ ఆకలికి ఏడుస్తోంది. మీ తాత అసలు వస్తారో రారో తెలియదు.

నా వెనక వరుసలో నల్లని అబాయా వేసుకున్న ఒకావిడ ముందుకు వంగి నా చేతిలోకి చూసింది. ఆవిడే మెహరున్నీసా ఆపా.

“ఏ ఊరమ్మా మీది?”

పరాయి గడ్డ మీద మన మాట వినగానే నాకు కన్నీళ్లు ఆగలేదు. “జగిత్యాల. డాలరైతే యాడనైనా నడుస్తదని మా అన్న ఇచ్చిండు.”

“మీ అన్న ఎన్నిసార్లొచ్చిండు ఈడికి?”

“ఒక్కసారి గూడ రాలె.”

ఆమె పకపకా నవ్వింది. ఆ ఏడుపులో నాకూ నవ్వొచ్చింది. తన పర్సులోంచి కొన్ని రియాళ్లు తీసి ఇవ్వబోతే నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర ఊరికే ఎలా తీసుకుంటాను? ఆమె ఒక క్షణం నా మొహం చూసి, నా సంచి వైపు చూపించింది.

“గా డబ్బాల ఏముంది?”

“మామిడికాయ తొక్కు.”

“అది నాకియ్యి, ఇవి నువ్ తీస్కో. బేరం సాఫ్. మా ఆయన తొక్కు తొక్కు అని పానం తీస్తుండు.”

నేను పెట్టిన తొక్కు అది. అది చెల్లింది. దిక్కులేని దానిలా కాకుండా, నా సరుకు అమ్మిన దానిలా వెళ్లి పాలు కొన్నాను, మీ తాత కంపెనీకి ఫోన్ చేయించాను. కంపెనీ బండి దారిలో చెడిపోయిందట. మధ్యాహ్నానికి వచ్చారు. ఆయన వచ్చేదాకా ఆపా నా పక్కనే కూర్చుంది. లేచేటప్పుడు నా చెవిలో చెప్పింది: “దేవునికి దండం పెట్టుకో సుగుణా. బొట్టు మాత్రం సంచికి పెట్టు, నోటుకు గాదు.”

ఆమెది హైదరాబాద్. ఖోబర్‌లోని అల్ అజీజియాలో ఉండేవాళ్లు. తరువాత మీ తాతకు అక్కడే పని దొరికి, మేమూ ఆ వీధికే చేరాము. విజిట్ వీసా వాళ్లు గడువు దాటకుండా బహ్రెయిన్ వెళ్లి తిరిగి రావాలి. మొదటిసారి, పరాయి దేశం కదా అని నేను ఉన్న రియాళ్లన్నీ అక్కడి దినార్లు చేయించబోయాను.

“పొద్దుగూకక ముందే వాపస్ వస్తవు, దినార్లెందుకే? ఆడ రియాళ్లు తీస్కుంటరు. గని పెద్ద నోటిచ్చినవనుకో, చిల్లర దినార్లల్ల ఇస్తరు. అవి తెచ్చి ఈడ బఖాలాల, కిరాణ దుకాణంల ఇస్తే ఎవడు ముట్టడు. నీ చేతిల ఏమున్నదని గాదు, ఎదుటోడు ఏం తీస్కుంటడు, మళ్లేమిస్తడు, అది సూడాలె.”

మరోసారి మా వీధిలోని నలుగురు కొత్త ఆడవాళ్లు వెళ్లాల్సి వచ్చింది. ఆపా రానంది. “నువ్వే తీస్కపో” అంది. ముందురోజే నలుగురి పెద్ద నోట్లూ చిన్నవి చేయించాను. బహ్రెయిన్‌కు వెళ్లే సముద్రపు వంతెన దాటించి, అవతల టీ తాగించి, వెనక్కి తీసుకొచ్చాను. వ్యాను నడిపింది ఆపా కొడుకే అయినా, ఆ రోజు బండిలో పెద్దదాన్ని నేనే. ఆపా గుమ్మంలోనే నిలబడి ఉంది.

“ఎవరి చేతిలనన్న దినార్ మిగిలిందా?”

“ఒక్కటి గూడ లేదు ఆపా.”

“శభాష్!” అని నా వీపు మీద ఎంత గట్టిగా చరిచిందంటే, ఆ దెబ్బ ఇప్పటికీ హాయిగానే ఉంది. ఇప్పుడు మా బిల్డింగులో ఎవరు ఏ దేశం బయలుదేరినా ముందు నా తలుపు తడతారు. గొప్పలు కాదర్రా, నిజంగానే తడతారు.

ఆపా ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే సౌదీ పూర్తిగా వదిలి, వెళ్లిపోయే రోజున విమానాశ్రయంలో ఆమెకు మన రూపాయల్లో చిన్న నోట్లు పోగుచేసి ఇచ్చింది నేనే. చక్రాల కుర్చీలో కూర్చుని వాటిని చేత్తో నిమురుతూ మురిసిపోయింది. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగనిది అప్పుడు అడిగాను.

“ఆపా, నువ్ మొట్టమొదలు ఈడ దిగిన్నాడు నీ ఎనక ఎవరున్నరు?”

ఆమె నవ్వు ఆగింది. ఏదో చెప్పబోయింది. ఇంతలో కుర్చీ తోసే అతను కదిలించాడు. “ఫోన్ల చెప్త తియ్యి” అని చెయ్యి ఊపింది. ఆ ఫోన్ రాకముందే ఆమె చనిపోయింది. ఆ రోజు ఆమెకు ఎవరైనా తోడు నిలిచారో, ఎవరూ లేకనే నా వెనక తాను నిలబడిందో, నాకు ఇప్పటికీ తెలియదు.