పోదుం సార్

వెన్నిల మూడేళ్లు మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఉంది. ఉంది అంటే బెంచీ మీద ఉంది. కూలికి పోయే తల్లి మారియాయి కట్టిచ్చిన సంగటి డబ్బాతో పెరియంపట్టి నుంచి మొదటి బస్సుకే వచ్చేది. ఎంత తేలిగ్గా గెలిచే మ్యాచ్‌లోనైనా ఆమెకు చివరి నిమిషం కూడా దక్కలేదు. కోచ్ శ్రీనివాసన్ కళ్లకు కీర్తిక ఒక్కతే ఆనేది. నలభై నిమిషాలూ ఆ పిల్లనే ఆడించేవాడు. మ్యాచ్‌లో దిగనివాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వననేది కూడా ఆయన పెట్టిన రూలే. ఆ సర్టిఫికెట్ లేకపోతే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగానికి అర్జీ పెట్టుకునే దారి లేదు. దించాల్సిందీ తనే, దిగలేదనేదీ తనే. నాకు ఒళ్లు మండేది. కానీ టేబుల్ దగ్గర ఆట గడియారం చూసే ఈ షర్మిళ మాట ఎవరికి కావాలి?

ఆ ఏటి చివరి మ్యాచ్ తమిళనాడులోని మా ధర్మపురిలోనే, మా సిమెంటు కోర్టులో. ఏప్రిల్ ఎండ. కీర్తిక మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగిపోతోందని వెన్నిల వారం ముందే నాతో అంది. ఎండలు కదా అన్నాను. ఆ రోజు మూడో క్వార్టర్‌కే కీర్తిక పెదవులు నల్లబడ్డాయి. బంతి చేతిలో లేనప్పుడల్లా చేయి ఎదమీదికి పోతోంది. నాకు భయం వేసింది. అయినా గడియారమే చూస్తూ కూర్చున్నాను.

నాలుగో క్వార్టర్‌లో టైమౌట్ ఇచ్చారు. శ్రీనివాసన్‌కూ, ఆ పిల్లలిద్దరికీ, నాకూ ఇంట్లో తెలుగే. అవతలి జట్టుకు అర్థం కాదని కోర్టులో గుట్టుమాటలన్నీ అందులోనే. అయితే మా ఇళ్లలో 'చాలు' అనే మాట ఎప్పుడో పోయింది. అన్నం వడ్డిస్తున్నా అరవంలో 'పోదుం' అంటాం. కీర్తిక మోకాళ్లు పట్టుకుని వంగి, ఊపిరందక, "పోదుం సార్" అంది. ఆయనకు అది 'పోదాం' అని వినిపించింది. ముఖం వెలిగిపోయింది. "అట్ల చెప్పు. పోదాం పో" అని భుజం తట్టి పంపాడు. కీర్తిక ఒక మాట రెండోసారి చెప్పే పిల్ల కాదు.

వెన్నిల లేచి నా టేబుల్ దగ్గరికి వచ్చింది. కోచ్ తప్పుగా విన్నాడని, వెళ్లి చెప్పనా అని అడిగింది.

"ఊరికే ఉండే. నువ్వు దిగేదానికి చెప్తాండావంటారు" అన్నాను.

ఆమె మంచికే అన్నాననుకున్నాను. ఆమె వెనక్కి వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

ఇంకా ఆరు నిమిషాల ఆట ఉండగా కీర్తిక పడిపోయింది. చేతులైనా ఆన్చుకోకుండా పడింది. అంబులెన్స్ వెళ్లాక శ్రీనివాసన్ బెంచీ వైపు వేలు చూపించాడు. వెన్నిల దిగింది, రెండు బాస్కెట్లు వేసింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆట ముగిసేసరికి ఆయనకు ఫోన్ వచ్చింది. విని, మెట్ల మీద కూలబడ్డాడు. కీర్తిక ఇక లేదని ఆ కూలబడడంలోనే మాకు తెలిసిపోయింది. తనతో పోదాం అనే కదా అన్నదని ఆయన పదే పదే గొణుగుతున్నాడు. వెన్నిల వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

"పోదుం అనింది సార్. నాకు ఇనబడింది. నేను దిగే ఆశతో చెప్తాననుకుంటారని ఊరికే ఉండినాను."

చెప్పొద్దన్నది నేనని ఆమె అనలేదు. నేనూ అనలేదు.