తాతయ్యకు పడిన వన్స్ మోర్

నా చిన్నప్పుడు మా తాతయ్య వారానికి రెండు మూడుసార్లయినా చచ్చిపోయేవాడు. సాయంత్రం కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, వసారాలో చాప పరుచుకుని, ఒక చెయ్యి గుండె మీద వేసుకుని నెమ్మదిగా ఒరిగిపోయేవాడు. నచ్చకపోతే లేచి కూర్చుని, ఇంకో రకంగా పోయేవాడు. పాము కరిచి పోవడం వేరు, బాణం తగిలి పోవడం వేరు, వయసు మీరి పోవడం వేరు. మా మామ్మ వంటింట్లోంచి, "అయిపోయిందా, ఇంకా ఉందా? అన్నం వడ్డించెయ్యనా?" అని అడిగేది. మా ఇంట్లో అది వింతేమీ కాదు.

తాతయ్య దర్జీ. పగలంతా యానాంలో సగంమందికి చొక్కాలూ జాకెట్లూ కుట్టేవాడు, నాటకాలున్నప్పుడు ఊరి నాటక సమాజంలో వేషాలు వేసేవాడు. వేషాలంటే రాజూ రాణీ కాదు. ద్వారపాలకుడు, మంత్రి, ముని, వైద్యుడు, తాగుబోతు, పెళ్లిసంబంధాలు కుదిర్చే పంతులు, ఒక్కోసారి పళ్లులేని ముసలమ్మ. ఒకే నాటకంలో మూడు నాలుగు వేషాలు పడేవి. తెర వెనక్కి వెళ్లి గడ్డం తీసేసి, మీసం అతికించుకుని మళ్లీ వచ్చేవాడు. అప్పటికి ముప్పై ఏళ్లుగా అదే పని. రాజు వేషానికి మాత్రం కాకినాడ నుంచి మంచి గొంతున్న ఆయన్ని పిలిపించేవారు. ఆయన తన హార్మోనియం వాయించే మనిషిని కూడా వెంట తెచ్చుకునేవాడు. పద్యం చివర ఆయన రాగం తీస్తే జనం "వన్స్ మోర్" అని కేకలు పెట్టేవారు, ఆయన చిరునవ్వు నవ్వి మళ్లీ పాడేవాడు. నాటకం ఎలా ఉందని ఎవరైనా అడిగితే, రాజుగారికి ఎన్ని వన్స్ మోర్లు పడ్డాయో చెప్పేవారు. అంతకుమించి చెప్పక్కర్లేదు. మా తాతయ్యకు ఒక్కటీ పడేది కాదు. ద్వారపాలకుడు "చిత్తం మహాప్రభూ" అంటే మళ్లీ అనమని ఎవరు అడుగుతారు?

తాతయ్యకు ఆ బెంగ ఉన్నట్టు ఎప్పుడూ కనిపించలేదు. ఆయన ధ్యాసంతా మనుషుల మీద ఉండేది. చొక్కాకు కొలతలు తీస్తూ మనిషిని కూడా కొలిచేసేవాడు. దరియాలతిప్ప నుంచి వచ్చే చేపల వేటగాళ్లు నేల మీద కూడా పడవలో నిలబడ్డట్టే కాళ్లు ఎడంగా వేస్తారని, మెట్టకూరు రైతు ఒకాయన అరుగును కండువాతో శుభ్రంగా దులిపి, దులిపిన చోట కాకుండా పక్కన కూర్చుంటాడని ఆయన చెప్పాకే నేను గమనించాను. బజారుకు వెళ్లేటప్పుడు నాలుగడుగులు వేరేలా నడిచి, ఎవరిదో చెప్పుకోమనేవాడు. నేను చెప్పేసేదాన్ని. అంత బాగా చేసే మనిషిని ఊళ్లో ఎవరూ పట్టించుకోరేమిటా అని నాకు కోపంగా ఉండేది.

ఆ కోపాన్ని మా అన్నయ్య ఎగదోసేవాడు. రాత్రి నాటకాలకు మా వీధిలో ఆడపిల్లల్ని పంపేవారు కాదు కాబట్టి నేను తాతయ్యను రంగు వేసుకుని ఉండగా చూడనే లేదు. చూసొచ్చిన అన్నయ్య రాజుగారిని ఆకాశానికెత్తి, చివర్న, "తాతయ్యకి ఈసారీ సున్నాయేనే" అనేవాడు. నాకు ఏడుపొచ్చేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

ఇంతలో సమాజానికి ఒక చిక్కు వచ్చింది. అన్నేళ్లుగా ఆడవేషాలు వేస్తున్న ఆయన మీసం పెంచుకుని బియ్యం వ్యాపారంలోకి దిగిపోయాడు. ఆడవేషానికి ఆడమనిషినే పెట్టుకుందామని కొందరన్నారు. అప్పుడు తాతయ్య పక్కింటి అక్క పేరు చెప్పాడు. వాళ్లు క్రైస్తవులు. అక్క ఆదివారం చర్చిలో పాడుతుంటే బయట దారిన పోయేవాళ్లు కూడా ఆగి వినేవారు. వాళ్ల నాన్న వడ్రంగి, ఎక్కువ మాట్లాడని మనిషి. తాతయ్య రెండుమూడు సార్లు వెళ్లి అడిగాక, చివరికి ఆయనే వచ్చి మా అరుగు మీద కూర్చుని తన షరతు చెప్పాడు. రాత్రి ఆట కుదరదు. చూసేవాళ్లలో మగవాళ్లుండకూడదు. "ఒక్కసారి చూద్దారండి. మా పిల్లని చూసి ఎవరైనా నవ్వేరంటే మాత్రం ఆ పూటతో సరండి. మళ్లీ అడక్కూడదు మీరు." నేను గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నాను. విని మరిచిపోయాను.

అలా మా ఊళ్లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా మధ్యాహ్నం ఆట పెట్టారు. గోదావరి గట్టు దగ్గర ఒక ధాన్యం గోదాము కోతల ముందు ఖాళీగా ఉంది. అందులో బల్లలు కలిపి వేదిక కట్టారు. తలుపులు మూసి, పెట్రోమాక్స్ లైట్లు పెట్టుకుంటే చీకటి పడ్డట్టే ఉంటుందన్నారు.

పక్కింటి అక్క రోజూ సాయంత్రం మా వసారాకు వచ్చి సాధన చేసేది. నాటకంలో తాతయ్యది ముసలి పడవవాడి వేషం, అక్కది ఆయన కూతురి వేషం. వరదలో రాజుగారిని ఏరు దాటిస్తూ పడవవాడు అలిసిపోయి ప్రాణం వదులుతాడు. పోయేముందు అతను అనేది ఒకే ఒక్క మాట. "దిగండి మహారాజా, ఒడ్డొచ్చింది." అంతే, తెడ్డు మీద ఒరిగిపోతాడు. తర్వాత కూతురు పరుగున వచ్చి తండ్రి తల ఒళ్లో పెట్టుకుని పద్యం పాడుతుంది. అక్క నాటకంలో పాడేది ఆ ఒక్క పద్యమే. మొదట్లో ఆమె సిగ్గుతో గోడవైపు చూసి పాడేది. "జనం వంక చూడకమ్మా, నా మూసిన కళ్ల వంక చూడు. నేను నిన్ను చూడను కదా, ఇంక సిగ్గెందుకు?" అని తాతయ్య చాప మీద పడుకుని చెప్పేవాడు. పది రోజులకు ఆమె గొంతు విచ్చుకుంది. మామ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి వినడం మొదలుపెట్టింది.

నా పన్నాగం నాకుంది. తాతయ్యను నేను మొదటిసారి చూడబోతున్నాను. అన్నయ్య రాడు, మగవాళ్లెవరూ రారు. ఈసారి తాతయ్యకు వన్స్ మోర్ పడి తీరాలి. మా వీధిలో నా ఈడు పిల్లలు నలుగురిని కూడగట్టాను. బడి నుంచి వచ్చేటప్పుడు గట్టు మీద నిలబడి ఐదుగురం ఒక్క గొంతుతో అరవడం నేర్చుకున్నాం. ఎప్పుడు అరవాలో నేను చెయ్యి ఎత్తి చూపిస్తాను, అదీ ఒప్పందం.

ఆ మధ్యాహ్నం గోదాము కిటకిటలాడింది. అగ్రహారం నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. పసిపిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు, ముసలమ్మలు, కొత్తకోడళ్లు, అందరూ తలుపులు మూశాక కొంగులు వదులు చేసుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నారు. మొదటి అంకంలో ద్వారపాలకుడు వచ్చాడు. నేను గుర్తుపట్టలేదు. రెండో అంకంలో తొందరపాటు వైద్యుడొకడు వచ్చి అందరినీ నవ్వించి పోయాడు. అతణ్నీ గుర్తుపట్టలేదు. "ఆయనేనే మీ తాత" అని మామ్మ చెప్పేసరికి ఆయన లోపలికి వెళ్లిపోయాడు. చెయ్యి ఎత్తే అవకాశం పోయిందని నా మీద నాకే చిరాకు వేసింది.

మూడో అంకంలో పడవవాడు వచ్చినప్పుడు మాత్రం గుర్తుపట్టాను. కాళ్లు ఎడంగా వేసి నిలబడ్డాడు. పడవ లేదు, నీళ్లు లేవు, చేతిలో ఒక తెడ్డు ఉంది. ఆయన తెడ్డు వేస్తుంటే మా ముందు కూర్చున్న ముసలమ్మ ఒరిగిపోకుండా నేలను పట్టుకుంది. చివరికి వగరుస్తూ, రాజుగారి వైపు కాకుండా ఒడ్డు వైపు చూస్తూ, "దిగండి మహారాజా, ఒడ్డొచ్చింది" అన్నాడు. ఒరిగిపోయాడు. గోదాములో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. అక్కడక్కడా ముక్కులు చీదుతున్నారు. ఇంతకంటే మంచి సమయం ఉండదనుకుని నేను చెయ్యి ఎత్తేశాను.

ఐదుగురం ఒకేసారి "వన్స్ మోర్" అని అరిచాం.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత వెనక ఎవరో పక్కుమని నవ్వారు. ఆ నవ్వు వరసలు వరసలుగా ముందుకొచ్చేసింది. ఇంకోటి కూడా జరిగింది. ఆ ఆడవాళ్లలో ఎవరూ జన్మలో వన్స్ మోర్ అని అరిచి ఎరగరు. రాత్రి నాటకాల్లో అది మగవాళ్ల కేక. ఆ పూట అడ్డుచెప్పే వాళ్లు లేరు కాబట్టి ఒక కొత్తకోడలు అరిచింది, ఆమె అత్తగారు అరిచింది, చూస్తుండగానే గోదామంతా "వన్స్ మోర్, వన్స్ మోర్" అని మోగిపోయింది. చచ్చినవాణ్ని మళ్లీ లేచి చావమంటున్నారు. హార్మోనియం ఆయన అలవాటు కొద్దీ శ్రుతి అందుకున్నాడు. రాజు వేషగాడికి కూడా అలవాటే కాబట్టి వంగి, ముందు వరసకు వినపడేలా, "లేవవయ్యా, అడుగుతున్నారుగా" అన్నాడు. దానికి ఇంకా నవ్వారు.

తాతయ్య లేవలేదు.

అప్పుడు తెర పక్కన నిలబడ్డ పక్కింటి అక్క కనిపించింది. ముఖం పాలిపోయి ఉంది. ఇప్పుడు వేదిక మీదికి రావలసింది ఆమే. ఈ నవ్వులోకి ఎలా వస్తుంది? ముందు వరసలో వాళ్లమ్మ కొంగుతో ముఖం కప్పేసుకుంది. వాళ్ల నాన్న అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేనే నవ్వించాను. నలుగురు పిల్లలూ ఇంకా అరుస్తుంటే వాళ్ల నోళ్లు మూయబోయాను, కానీ ఊరంతా అరుస్తుంటే నలుగురి నోళ్లు మూసి ఏం లాభం?

తాతయ్య వేదిక చివర అలాగే పడి ఉన్నాడు. ఈగ ఒకటి నుదుటి మీంచి కనురెప్ప మీదికి నడిచింది. రెప్ప కదల్లేదు. మూతి మీదికి వచ్చింది. కదల్లేదు. నాకు వేరే భయం పట్టుకుంది. నిజంగానే పోయాడేమో. లేచి పరిగెత్తబోతే మామ్మ నా పరికిణీ పట్టుకుని లాగి కూలేసింది. "కూచోవే. మీ తాత చావడం నాకేవన్నా కొత్తా? ముప్పై ఏళ్ల నుంచి చూస్తన్నాను." అలా అన్నదే గానీ, ఆమె కూడా ఆయన మీంచి చూపు తిప్పలేదు.

కదలని మనిషిని చూస్తూ ఎంతసేపు నవ్వుతారు? కేకలు పల్చబడ్డాయి. అరిచినవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. హార్మోనియం ఆగింది. నేలను పట్టుకున్న ముసలమ్మ వెనక్కి తిరిగి, "ఊరుకోండర్రా, పోయేడు పాపం" అంది. ఎవరూ నవ్వలేదు. గోదాము మళ్లీ నిశ్శబ్దమైపోయింది. ఈసారి కాస్త తప్పు చేసినవాళ్ల నిశ్శబ్దం.

అక్క ఆ నిశ్శబ్దంలోకి నడిచి వచ్చింది. సాధనలో అనుకున్నట్టు పరుగెత్తలేదు. వచ్చి కూర్చుని, తాతయ్య తల ఒళ్లో పెట్టుకుని, ఆ మూసిన కళ్లవంకే చూస్తూ పద్యం ఎత్తుకుంది. ఎంత బాగా పాడిందో చెప్పడం నాకు చేతకాదు. నాకు రాగాలు తెలియవు. వాళ్లమ్మ ముఖం మీది కొంగు తీసేసిందని, పద్యం అయ్యాక ఎవరూ అడిగే ధైర్యం చెయ్యకపోతే ఆవిడే లేచి నిలబడి సన్నటి గొంతుతో "వన్స్ మోర్" అన్నదని మాత్రం చెప్పగలను. అక్క మళ్లీ పాడింది. ఆమె కన్నీళ్లు తాతయ్య రంగు మీద చారలు కట్టాయి.

ఆట అయ్యాక గోదాము వెనక వైపుకు వెళ్లాను. తాతయ్య తిరగేసిన బుట్ట మీద కూర్చుని కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్నాడు. నేనే మొదలుపెట్టానని చెప్పి ఏడ్చాను. కొడతాడనుకోలేదు గానీ, మాట్లాడడేమో అనుకున్నాను. గుడ్డతో మెడ తుడుచుకుంటూ, "నీ గొంతు నాకు తెలీదేటే?" అన్నాడు.

ఏడుపు తగ్గాక, ఊరంతా అంతలా అడిగితే ఎందుకు లేవలేదని అడిగాను. వినపడలేదేమోనని నాకొక ఆశ. గుడ్డ మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.

"ఎందుకినపడలేదూ? ముప్పై ఏళ్లకి పడిందమ్మా. లేచిపోదారనే అనిపించింది. ఒట్టు, లేవడానికి కాలు కూడా లాగేసింది. కానీ నేను లేస్తే ఆ పిల్ల ఎవరి మీద పడి ఏడుస్తాది చెప్పు?"

అంతే అన్నాడు. నా తల నిమిరి, మీసాలు కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. పక్కింటి అక్క ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో పాడింది. వాళ్ల నాన్నే బండి కట్టి తీసుకెళ్లేవాడు. తాతయ్య కూడా ఓపిక ఉన్నన్నాళ్లూ వేషాలు వేశాడు. నాకు తెలిసి ఆయనకు ఇంకో వన్స్ మోర్ పడలేదు.

నేను తర్వాత పంతులమ్మనయ్యాను. ఎన్నో ఏళ్లు పనిచేశాను. కొత్తగా వచ్చిన చిన్న టీచరు చేసిన పనికి పెద్దవాళ్లు పొరపాటున నన్ను పొగిడిన రోజులున్నాయి. కూతురి ఇంట్లో, కోడలి వంటింట్లో అందరూ నన్నే సలహా అడిగి, పక్కన ఆ పిల్ల మాట్లాడబోయి ఆగిపోయిన రోజులున్నాయి. అలాంటప్పుడు తమకు పొగడ్తలేమీ అక్కర్లేదని చెప్పే పెద్దవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల మాట నేను నమ్మను. మా తాతయ్యకు అక్కర్లేకపోతే కాలు లాగదు. నాకూ ప్రతిసారీ లాగుతుంది, ఈ వయసులో కూడా. లాగిందని నాలో నేను ఒప్పేసుకుంటాను. ఒప్పేసుకుని, ఆ పిల్ల వచ్చి తన పాట పాడేదాకా తాతయ్యలా కదలకుండా పడుకుంటాను.