చిరుతపులి గొంతూ, నా మణికట్టూ

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మదనపల్లె నుంచి పుంగనూరు పోయే పెట్రోలు దొరక్క బొగ్గులతో నడిపే బస్సులో, కుప్పం అడవిలో నేను ఒంటిచేత్తో చిరుతపులి గొంతు పిసికిన కథ చెబుతున్నాను. బస్సంతా ఊపిరి బిగబట్టి వింటోంది. మణికట్టు బాగా లోపలికి వంచి, పిడికిలి బిగించి చూపించాను.

పక్కనున్న డాక్టరు చదువు చదివే మనిషి టక్కున నా ముంజేయి పట్టుకున్నాడు.

"వేళ్లు ముడిచే పెద్ద కండలు ఈడ, ముంజేతిలో ఉండాయప్పా. మణికట్టు అంత వంచితే వాటికి పట్టు సాలదు, సూడు!" అంటూ నా పిడికిట్లో తుండుగుడ్డ పెట్టి లాగాడు. పళ్లు బిగించినా సులువుగా జారిపోయింది.

"అయితే పులి నీ కథ ఇనలేక సచ్చిందేమోప్పా!" అంది వెనక సీటు అవ్వ. బస్సు గొల్లుమంది.

అంతటితో ఊరుకున్నాడా మహానుభావుడు! పుంగనూరు దాకా నా ముంజేయి నొక్కుతూ పాఠం చెబుతూనే ఉన్నాడు.

ఇప్పటికీ ఆ కథ చెబుతుంటాను. పులి ఏటేటా పెరుగుతోంది గానీ, మణికట్టు మాత్రం వంచడం లేదు.