మంచు జీవుల కొవ్వులో నువ్వుల నూనె

పటాన్‌చెరు దగ్గర మా ల్యాబులో నా పని నూనెల కల్తీ పట్టడం. ఆ పనంటే నాకు కాస్త గర్వం కూడా. అక్కడికి ఒక పరిశోధక విద్యార్థిని ఉత్తర ధ్రువ సముద్రం నుంచి బియ్యపు గింజంత జీవుల్ని ఐసుపెట్టెలో తెచ్చింది. తిన్నది ఒంటబట్టడం అంటామే, సరిగ్గా అదే సంగతి. వాటి కొవ్వు తీసి మెషీన్‌లో పెడితే, మంచు అడుగున పట్టే నాచు తిన్నాయో, బయటి నీళ్లలో తేలే నాచు తిన్నాయో తెలిసిపోతుంది. మంచు కరిగిపోతుంటే వాటి తిండి ఏమవుతోందన్నది ఆమె ప్రశ్న. అటు వెళ్లే పరిశోధన ఓడలో ఆమెకు చోటు దొరికింది ఒక్కసారే. డాక్టరేటంతా ఆ పెట్టె మీదే ఆధారపడి ఉంది.

దసరాకు మెషీన్లన్నీ తుడిచి ఆయుధపూజ చేశాం. కుంకుమ రాలకుండా నువ్వుల నూనెలో కలపడం మా ఆయమ్మ అలవాటు. సీసాలు కడిగేదీ ఆమే. "ఈ బిడ్డ పని గూడ మంచిగ కావాలె గదా" అంటూ, కడిగి ఆరబెట్టిన గాజు సీసాల మూతులకు కూడా బొట్లు పెట్టింది. పండగయ్యాక పొడిగుడ్డతో తుడిచేసింది. చూడ్డానికి తళతళలాడుతున్నాయి.

జీవులన్నిటినీ ఆ సీసాల్లోనే వేసి కొవ్వు తీశాం. గ్రాఫ్ రాగానే గుర్తుపట్టాను. ఆ గీతలు నేను రోజూ చూసేవే. మంచు సముద్రంలో నువ్వుల నూనె ఎవరు పోశారు? కొవ్వును కరిగించే ద్రావకం పోసినప్పుడు మూతికి అంటిన జిడ్డు లోపలికి దిగింది. ఉన్నదే రవ్వంత కొవ్వు. ఆ నూనెలో దాని జాడ కూడా మిగల్లేదు.

నాకు కోపం ఆగలేదు. ఆయమ్మను పిలవబోతే ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. నా మంచికే పెట్టింది గదా. తెలిస్తే ఆమె ఏమైపోతది?"

డాక్టరేటు అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడా అమ్మాయి వెలిమెలలో స్కూలు పిల్లలకు సైన్సు చెబుతోంది. చెడ్డ బతుకేం కాదు. అయినా తలచుకుంటే నాకు బాధే. ఆ జీవులు ఏం తిన్నాయో ఇక ఎవరికీ తెలియదు, ఆ సంవత్సరపు మంచు మళ్లీ రాదు. ఆమె మా ల్యాబు వైపు మళ్లీ రాలేదు.

మొన్న అన్నం తింటూ ఆయమ్మ అంది: "గా బిడ్డ పెద్ద డాక్టరయి ఉంటది. ఒక్క ఫోను లేదు. పెద్దోళ్లయినంక మనం యాడ యాదికుంటం అమ్మా."

"మర్చిపోలేదు ఆయమ్మా" అన్నాను. ఆమె నమ్మలేదు.