గెడ వెనక్కి వచ్చేలోపు

సుస్మిత ఏ పని మొదలుపెట్టబోయినా ముందు ఎడమచేతి బొటనవేలితో కుడి అరచేతి మధ్య ఒకసారి నొక్కుకుంటుంది. కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు. స్కూటీ తాళం తిప్పేముందు. కోడిగుడ్డు పగలగొట్టేముందు. నొక్కి, వదిలి, అప్పుడు మొదలుపెడుతుంది. ఈ అలవాటు ఎవరి దగ్గర అబ్బిందో ఆమెకి గుర్తులేదు.

రాజోలు దగ్గర ఊరు. ఇరవయ్యారేళ్ళు. పక్క ఊరి సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు. వచ్చినవాళ్ళ వేలిముద్ర తీసుకుని, సర్వర్ పలికేదాకా వాళ్ళ మోకాళ్ళ నొప్పుల గురించి వింటూ కూర్చోవడం ఆ ఉద్యోగంలో పెద్ద భాగం. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. తండ్రి దేవదానం బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. సంఘపెద్ద. డోలక్ ఆయనది.

శనివారం సాయంత్రం మాత్రం ఆమె అమలాపురంలో ఉంటుంది. గడియార స్తంభం సెంటర్లో, సెల్‌ఫోన్ల షాపు పైన, శివాజీ నడిపే గేమింగ్ సెంటర్. రెండు పెద్ద టీవీలు, ఒక ఏసీ, ప్లాస్టిక్ కుర్చీలు. అక్కడ పెద్దవాళ్ళు ఒకే ఆట ఆడతారు. తెర మీద ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు. ఒక్కొక్కరి తల పైన ప్రాణం ఒక పచ్చ గీతగా ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడల్లా గీత తరుగుతుంది. ఎవరిది ముందు చెరిగిపోతే వాళ్ళు ఓడినట్టు. గడువు అయిపోతే, ఎవరి గీత పొడుగ్గా మిగిలిందో వాళ్ళు గెలిచినట్టు.

ఆటలోని వీరులకి నోరు తిరగని పేర్లున్నాయి. అమలాపురంలో వాటిని ఎవరూ వాడరు. సుస్మిత ఆడే వస్తాదుని బస్తా అంటారు. లావుపాటి మనిషి. నెమ్మదిగా నడుస్తాడు. దగ్గరికి చేరి పట్టుకున్నాడంటే ఎత్తి నేలకేసి కొడతాడు, ఎదుటివాడి గీత సగం పోతుంది. చేరడమే కష్టం. ఈటె పట్టుకున్న, వెదురుగెడలాంటి సన్నటి మనిషిని గెడ అంటారు. గెడ దూరంగా నిలబడి పొడుస్తాడు. బస్తా అడుగు వేస్తే పొడుస్తాడు. వెయ్యకపోయినా పొడుస్తాడు.

గెడని ఆడేది చరణ్. కొత్తపేటలో ఎరువుల షాపు వాళ్ళబ్బాయి. ఓడించేటప్పుడు కూడా మర్యాద తప్పడు.

"ఏవండీ సుస్మితగారూ, బస్తా దింపేరా?"

"ఆయ్, దింపేనండి."

"మళ్ళీ ఎత్తుకెళ్ళేవాళ్ళు ఉండాలి కదండీ పాపం. ఇక్కడే వదిలెయ్యండి, నేను కాపలా ఉంటాను."

ఆట మొదలయ్యేది. చరణ్ గెలిచేవాడు. లేచి, తనే టీ చెప్పేవాడు. "తాగండి. నీరసం వచ్చుంటుంది." ఆమె అతన్ని ఒక్కసారి కూడా గెలవలేదు.

ఒకసారి అతను నిజంగానే అడిగాడు. "ఇంతమంది ఉండగా ఆ లావాయన్నే ఎందుకు పట్టుకున్నారండీ?"

"నడుస్తుంటే నేల అదురుతుందండి," అంది సుస్మిత.

ఆ ఏడు వేసవిలో విశాఖపట్నంలో పోటీ పెట్టారు. ఊరూరి జట్లు వస్తాయి. శివాజీ అమలాపురం జట్టు కట్టాడు. చరణ్ ఉన్నాడు. ఒక్క చోటు మిగిలింది.

"నీ చెయ్యి మంచిదమ్మా," అన్నాడు శివాజీ. "కానీ అక్కడికి సగం మంది గెడ పట్టుకునే వస్తారు. బస్తాని వదిలెయ్. ఇంకెవర్ని పట్టుకున్నా సరే, ఇప్పుడే జట్టులో వేసేస్తాను."

"బస్తాతోనే వస్తానండి."

"అయితే వచ్చే శనివారం చరణ్‌ని కొట్టు. కొడితే బస్తాతోనే రా, నేను మాట్లాడను. కొట్టలేకపోతే ఆ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. మళ్ళీ నన్ను అనకూడదు."

"అననండి."

చరణ్ పక్కనే నిలబడి విన్నాడు. "వద్దండీ బాబూ, బస్తా మీద నాకు జాలేస్తుంది," అన్నాడు.

ఇంట్లో ఆమెకి ఒక పాత ఆటపెట్టె ఉంది. ఆ వారం ఆఫీసు నుంచి రాగానే దాని ముందు కూర్చుంది. గెడని యంత్రానికి అప్పగించి తను బస్తాని నడిపింది. ఈటె వచ్చేది. బస్తా చేతులు అడ్డుపెట్టేవాడు. ఈటె వెనక్కి వెళ్ళేది. బస్తా అడుగు వేసేవాడు. వేసిన అడుగు నేలకి ఆనేలోగా మళ్ళీ ఈటె.

దేవదానం వాకిట్లోంచి తొంగి చూసేవాడు.

"ఆ లావాయన ఏం తప్పు చేసేడమ్మా? ఎప్పుడు చూసినా పొడిపించుకుంటాడు?"

"నెమ్మది నాన్నా. మనిషే నెమ్మది."

అందరూ అదే అనేవారు. ఆమె కూడా అదే అనుకుంది.

శుక్రవారం సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసు. ముందు చాప మీద మార్తమ్మ కూర్చుంటుంది. ఎనభై దాటింది. ఆవిడకి మైకు అక్కర్లేదు. పాటలో ప్రతి పాదం చివరి అక్షరాన్నీ ఆవిడ పట్టుకుని వదలదు. సాగదీస్తుంది. వదిలాక నిండుగా ఊపిరి తీసుకుంటుంది. సర్దుకుంటుంది. అప్పుడు తరవాతి పాదం. ఆవిడ ఎత్తుకునేదాకా ఆ సంఘంలో ఎవరూ ఎత్తుకోరు. కాకినాడ నుంచి వచ్చి వాయించినవాళ్ళు ఇక్కడ తడబడి వెళ్ళారు. సుస్మిత తడబడదు. చిన్నప్పుడు మొదటిసారి కీబోర్డు ముందు కూర్చోబెట్టినప్పుడే తండ్రి చెప్పాడు. "సంఘాన్ని పరిగెత్తించకూడదమ్మా. మార్తమ్మగారు సిద్ధమయ్యేకే నువ్వు వెయ్యి." అప్పటి నుంచి ఆమె వేళ్ళు ఆవిడ కోసం ఆగుతాయి. ఆగుతున్నట్టు ఆమెకి తెలియదు కూడా.

ఆ శుక్రవారం ఆమె మనసు చర్చిలో లేదు. కళ్ళముందు ఈటె వస్తోంది, పోతోంది. మార్తమ్మ అక్షరం వదిలింది. ఊపిరి కోసం నోరు తెరిచింది. సుస్మిత వేళ్ళు తరవాతి పాదంలోకి వెళ్ళిపోయాయి.

మార్తమ్మ నోరు తెరుచుకునే ఉంది. పాట రాలేదు. డోలక్ ఆగింది. వెనక ఎవరో నవ్వారు.

"ఏవే పిల్లా," అంది మార్తమ్మ, "రైలు తప్పిపోతుందా? మనకి రైలు కూడా లేదు కదే!"

"పొరపాటైంది మామ్మా."

"నేను పాడుతుండగా నువ్వెంత వాయించుకున్నా నాకేం పర్లేదు. సిద్ధమయ్యేక వాయించినా పర్లేదు, అందుకుంటాను. ఊపిరి తీసుకుంటుంటే మీద పడితే నేనేం చెయ్యగలనే? నోరు తెరుచుకుని కూర్చోడం తప్ప!"

సుస్మిత కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"మామ్మా, ఇంకోసారి చెప్పండి."

"దేవదానంగారూ, మీ అమ్మాయికి తిట్లు సరిపోలేదంటండీ!"

ఇంటికి వచ్చి, అన్నం పెట్టేలోగా ఆట పెట్టింది. ఈసారి తెర చూడలేదు. తన బొటనవేలు చూసుకుంది. ఈటె తగిలిన చప్పుడు. వెనక్కి వెళ్తున్న చప్పుడు. వేలు కదల్లేదు. గెడ ఈటెని పూర్తిగా లాక్కుని, భుజం దగ్గర పెట్టుకుని, నిటారుగా నిలబడ్డాడు. అప్పుడు వేలు నొక్కింది.

ఆమెకి నవ్వు వచ్చింది. ఇన్నాళ్ళూ బస్తా నెమ్మదని అందరూ అన్నారు. బస్తాని ఆపింది ఆమె. గెడ పాడాలి, ఊపిరి తీసుకోవాలి, సర్దుకోవాలి. అంతవరకూ చర్చిలో మార్తమ్మ కోసం ఆగినట్టు ఆగింది. అతను మళ్ళీ ఎత్తుకునే వేళకి అడుగు వేసింది.

ఈటె వెనక్కి వెళ్తుండగా నొక్కి చూసింది. వేలు మొరాయించింది. మళ్ళీ నొక్కింది. ఒకసారి మరీ ముందు నొక్కి పొడిపించుకుంది. దేవదానం అన్నానికి పిలిచాడు, రెండోసారి కాస్త గట్టిగా పిలిచాడు. ఆమె లేచేసరికి బస్తా గెడని ఎత్తి పట్టుకున్నాడు.

శనివారం సెంటర్ నిండింది. కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకున్నారు. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళు గెలిచినట్టు.

సుస్మిత అరచెయ్యి నొక్కుకుంది.

మొదటి ఆట ఓడిపోయింది. ఇంట్లో విన్న వేలు ఇక్కడ వినలేదు. పదిమంది మధ్య కూర్చునేసరికి మళ్ళీ మార్తమ్మ కోసం ఆగింది.

చరణ్ కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని ఆమె వైపు తిరిగాడు. "ఇంకా ఆడదామంటారా, టీ చెప్పమంటారా అండీ?"

"రెండూ కానివ్వండి. టీ చల్లారేలోపు అయిపోద్ది."

గోడ దగ్గరవాళ్ళు ఓహో అన్నారు. చరణ్ కూడా నవ్వాడు. కిందికి కేకేసి టీ చెప్పాడు.

ఆమె మళ్ళీ అరచెయ్యి నొక్కుకుంది. ఈసారి కాస్త సేపు.

రెండో ఆట. ఈటె వచ్చింది. బస్తా అడ్డుపెట్టాడు. ఈటె వెనక్కి వెళ్తోంది. సగం దారిలో ఉంది. బస్తా కదిలాడు. గెడ చేతులు రెండూ ఈటెని లాగే పనిలో ఉన్నాయి, అతను ఏమీ చెయ్యలేడు. బస్తా అతన్ని నడుం దగ్గర పట్టుకున్నాడు. ఎత్తాడు. టీవీ స్పీకరు అదిరింది.

"అబ్బో," అన్నాడు చరణ్.

గెడ లేచి, పొడిచాడు. మళ్ళీ అదే చోట దొరికాడు. రెండో ఆట ఆమెది. ఎవరో టీ తెచ్చి ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టారు. ఎవరూ ముట్టుకోలేదు.

చరణ్ తెలివైనవాడు. మూడో ఆటలో మొదటే ఒక్క పోటు పొడిచాడు. అది తగిలింది. ఆమె గీత కొంచెం తరిగింది. ఆ తరవాత ఈటె ఎత్తడం మానేశాడు. భుజం దగ్గర పెట్టుకుని వెనక్కి జరిగి నిలబడ్డాడు. గడువు అయ్యేదాకా ఇలాగే ఉంటే గెలుపు అతనిదే.

పాట లేదు. కనక ఊపిరి తీసుకునే చోటు కూడా లేదు.

శివాజీ కుర్చీలోంచి ముందుకి వంగాడు. ఏసీ చప్పుడు వినిపించింది.

మునుపైతే ఆమె కూడా నిలబడేది. ఎదుటివాళ్ళు ఎత్తుకునేదాకా. ఇప్పుడు బస్తాని నడిపించింది. పరిగెత్తించలేదు, గెంతించలేదు. నడిపించింది. ఒక అడుగు. నేల అదిరింది. గెడ ఒక అడుగు వెనక్కి. ఇంకో అడుగు. నేల అదిరింది. చరణ్ గెడని వెనక్కి, ఇంకా వెనక్కి జరిపాడు. తెర అంచు గెడ వీపుకి తగిలింది.

"పొడవండి చరణ్‌గారూ," అంది సుస్మిత, తెర మీంచి చూపు తిప్పకుండా. "మొహమాటపడకండి."

చరణ్ పొడిచాడు. ఇంక చెయ్యగలిగింది లేదు. ఈటె బస్తా చేతులకి తగిలింది. వెనక్కి బయల్దేరింది. భుజం దాకా చేరలేదు.

బస్తా ఎత్తి కొట్టాడు. గెడ లేచి కంగారుగా పొడిచాడు. ఈటె వెనక్కి వెళ్తుండగా బస్తా మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి నేలకి తగిలాక గెడ లేవలేదు. పచ్చ గీత చెరిగిపోయింది.

కుర్చీలు పడిపోయాయి. ఎవరో ఈల వేశారు. శివాజీ లేచి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "అమ్మా, విశాఖపట్నానికి బస్తాతోనే రా. బస్సులో ఆయనకి రెండు సీట్లు కావాలేమో చూసుకో."

చరణ్ తెర వైపు చూశాడు. తరవాత బల్ల మీది గ్లాసు ముట్టుకుని చూశాడు. తీసి ఆమెకి అందించాడు.

"చల్లారలేదండీ," అన్నాడు.

ఆమె తాగింది.

"ఇంతకీ ఏం చేసేరండీ?"

"మీవాడు ఊపిరి తీసుకుంటుండగా వచ్చేనండి."

"మా గెడ ఊపిరి కూడా తీసుకుంటాడా అండీ?"

"ఆయ్."

తిరిగి వచ్చేటప్పుడు బోడసకుర్రు వంతెన మీద ఇంకా వెలుగుంది. వైనతేయ నది మీంచి గాలి ఎదురు కొడుతోంది. సుస్మిత స్కూటీ మీద నోరంతా తెరిచి ఒక్క కేక పెట్టింది. ఎదురొచ్చిన లారీ డ్రైవరు హారన్ కొట్టి బదులిచ్చాడు. ఆమె ఇంకో కేక పెట్టింది.

మర్నాడు ఆదివారం. చర్చి నిండింది. దేవదానం డోలక్ ఒళ్ళోకి తీసుకున్నాడు. మార్తమ్మ చాప మీద సర్దుకుని, శుక్రవారం సంగతి మరిచిపోలేదన్నట్టు కీబోర్డు వైపు ఒకసారి చూసింది. సుస్మిత అరచెయ్యి నొక్కుకుని మొదలుపెట్టింది. మొదటి పాదం చివర మార్తమ్మ అక్షరాన్ని పట్టుకుని సాగదీసింది, వదిలింది, నోరు తెరిచి ఊపిరి తీసుకుంది. సుస్మిత వేళ్ళు మీటల పైన ఆగాయి. ఆవిడ నిండుగా తీసుకుని, కొంగు భుజం మీదికి లాక్కుని, సిద్ధమైంది. అప్పుడు వాయించింది.