ట్యాంకు మీద సుద్దరాత

మా ఇంటి శుభకార్యాల్లో భోజనాలయ్యాక కిళ్ళీతో పాటు ఒక కథ కూడా అందరికీ అందుతుంది. ఆటోనగర్ మెకానిక్ సుభానీ గారు లోపమున్న బండిని నాకు అంటగట్టారనీ, దానివల్లే నా చెయ్యి విరిగిందనీ ఆ కథ. మొన్న గన్నవరంలో ఒక గృహప్రవేశంలోనూ విన్నాను. చెప్పేది మా బావగారు, అంటే మా వారి అన్నగారు. ఎదురుగా కూర్చున్న నన్నే సాక్ష్యం చూపించి మరీ చెబుతారు. అందులో నా చెయ్యి విరగడం ఒక్కటే నిజం. తక్కిన కథకు విత్తనం వేసింది సుభానీ గారు కాదు, నేను.

ఈ ఉదయం అదే బండి తుడిచి, ట్యాంకు మీద చాక్‌పీసుతో రాస్తుంటే రేకు కీచుమంది. మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరమ్మాయి ఒకసారి నడిపి చూస్తానని అడిగింది, అందుకని రాస్తున్నాను. ఇరవై ఏళ్ళుగా అర్థశాస్త్రం చెబుతున్నదాన్ని, సుద్దపొడి నాకు కొత్త కాదు. కానీ సుద్దపొడికి పెట్రోలు వాసన తోడైతే మాత్రం నాకు సుభానీ గారి షెడ్డే కనిపిస్తుంది.

నలభై నాలుగో ఏట మోటారు సైకిలు కొంటానన్నాను. స్కూటీ చాలదా అన్నారు అందరూ. చాలదన్నాను. అందులోనూ అంత పొడవాటి, బరువైన పవర్ క్రూయిజరేమిటి, మగవాళ్ళ బండి అన్నారు. దాని సీటు అన్నిటికన్నా కిందికి ఉంటుంది, నా కాళ్ళు నిబ్బరంగా నేలకానతాయి, ఆ లెక్కన అది ఎవరి బండో మీరే చెప్పండి అన్నాను.

సుభానీ గారి షెడ్డులో నల్లటి పాత క్రూయిజరు ఒకటి అమ్మకానికి ఉంది. ట్యాంకు మీద తెల్లగా, గుండ్రటి అక్షరాలతో ‘రెండో గేరు జారుతుంది’ అని రాసి ఉంది. ఆయన అమ్మే ప్రతి బండి మీదా దాని జబ్బు అలా రాసి పెట్టేవారు. పక్క షాపు టైర్లాయన నవ్వాడు. “చూడండి మేడమ్, పెళ్ళిచూపుల్లో పిల్ల నుదుటి మీద లోపాలు రాసి కూర్చోబెట్టే మనిషి ఈయన.”

సుభానీ గారు తలెత్తకుండానే, “అలా రాస్తే సగం కాపురాలు నిలబడేవి,” అన్నారు. తర్వాత నావైపు తిరిగి, “చదవండి మేడమ్ గారూ. పైకి,” అన్నారు.

“నాకు చదువొచ్చండీ.”

“చదువొచ్చినవాళ్ళే లోపల చదువుకుని మర్చిపోతారు.”

విసుక్కుంటూనే పైకి చదివాను. బాగుచేసి ఇవ్వొచ్చుగా అని వాదించాను కూడా. గేరు పళ్ళు అరిగాయనీ, కొత్తవి దొరకవనీ, వేరే బండిలోంచి తీసిన పాత గేరు వేయగలననీ, కానీ అది ఎన్నాళ్ళు పట్టుకుంటుందో తెలియదు కాబట్టి బాగుచేశానని చెప్పి అమ్మలేననీ అన్నారు. నేను చూసిన అమ్మకందార్లలో ‘నాకు తెలియదు’ అన్నది ఆయనొక్కరే. కొన్నాను.

వారం పాటు పొద్దున్నే ఏలూరు కాలవ గట్టున నాకు ఆ బండి నడపడం నేర్పారు. రెండో గేరులో మెత్తగా పోతే ఏ ఇబ్బందీ లేదు. ఒక్కసారిగా యాక్సిలరేటరు తిప్పితేనే జారుతుంది. “తొందరుంటే మూడుకెళ్ళండి, లేదంటే వెనక ఉండండి. రెండులో మాత్రం పంతం పట్టకండి. అది మీకన్నా మొండిది,” అన్నారు. నాకన్నా మొండిదాన్ని అప్పటిదాకా చూడలేదు గనుక నవ్వేశాను.

ఎనిమిది నెలలు రాణిలా తిరిగాను. ఒకరోజు హనుమాన్ జంక్షన్ దగ్గర ముందు గడ్డి ట్రాక్టరు మెల్లగా పోతుంటే రెండో గేరుకు దిగాను. వెనక కారతను హారను ఆపకుండా కొట్టి, తల బయటపెట్టి, “ఆంటీ, చేతకాకపోతే ఇంట్లో కూర్చో,” అన్నాడు. ట్రాక్టరును దాటెయ్యాలని ఉన్న గేరులోనే యాక్సిలరేటరు పూర్తిగా తిప్పేశాను. ఇంజను అరిచింది, చక్రానికి బలం అందలేదు. ట్రాక్టరు పక్కన సగం దాకా వెళ్ళి, తప్పించుకోబోయి రోడ్డు దిగి కుడివైపుకు పడ్డాను. మణికట్టు విరిగింది. ఆ చేత్తో ఆరు వారాలు బోర్డు మీద రాయలేకపోయాను.

రెండు రోజులకు బావగారు ఆ బండిని ట్రాలీ ఆటోలో వేయించి, కట్టుతో ఉన్న నన్నూ వెంటబెట్టుకుని షెడ్డుకెళ్ళారు. ఆయన అరుపులకు వీధంతా పోగైంది. సుభానీ గారు బండి పక్కన కాసేపు గొంతుక్కూర్చుని, లేచి, నన్నడిగారు.

“పడ్డప్పుడు ఏ గేరులో ఉన్నారమ్మా?”

అందరూ నా మొహమే చూస్తున్నారు. వాదనలో ఒక్కసారి కూడా తగ్గనిదాన్ని, తప్పు నాదని అంతమంది ముందు ఎలా అంటాను?

“మూడు,” అన్నాను.

ఆయన నన్నొక్క క్షణం చూసి, బావగారితో, “అయితే తప్పు నాదేనండీ. మూడో గేరు సంగతి నేను రాయలేదు,” అన్నారు.

వీధికి ఆ మాట చాలింది. సుభానీ రాసేదొకటి, ఉండేదొకటి అన్నారు. ఆయన సుద్దరాత చూసి నిశ్చింతగా కొనేవాళ్ళు, ఆ రాత చూసే వెనక్కి తిరిగారు. టైర్లాయన నవ్వడం కూడా మానేశాడని తర్వాత తెలిసింది.

కట్టు విప్పిన రోజే షెడ్డుకు వెళ్ళాను. టైర్లాయన్ని కూడా పిలిచి, గట్టిగానే చెప్పాను. “రెండులోనే ఉన్నానండీ. పంతం పట్టాను. అబద్ధం చెప్పాను.” అదే సాయంత్రం బావగారికీ చెప్పాను. పాపం అతన్ని వెనకేసుకొస్తున్నావులే అని కొట్టిపారేశారు. నిజం ఆలస్యంగా వెళితే దానికి కుర్చీ దొరకదు, అక్కడ అప్పటికే అబద్ధం కూర్చుని ఉంటుంది.

అంతకుముందు షెడ్డులో సుభానీ గారు మాత్రం, “తెలుసమ్మా. మిమ్మల్ని అడక్కముందే గేరు నొక్కి చూశాను. రెండులోంచి జారి, రెండుకీ మూడుకీ మధ్య వేలాడుతోంది,” అన్నారు. తర్వాత అప్పట్నుంచీ అక్కడే ఉన్న నా బండి ట్యాంకు చూపించి, చాక్‌పీసు నా చేతికిచ్చారు. “చెరిగిపోయింది, రాయండి.”

‘రెండో గేరు జారుతుంది’ అని రాశాను. దాని కింద, ‘నడిపే మనిషికి పంతం ఎక్కువ’ అని కూడా రాశాను. ఆయన పైకి చదివి, చాలాసేపు నవ్వారు.

ఈ ఉదయం కూడా ఆ రెండు వాక్యాలూ రాశాను. ఆ అమ్మాయి చేత పైకి చదివించాకే తాళమిచ్చాను. ఎవరికి ఏది ఇచ్చినా, దాని లోపంతో పాటు నాదీ చెప్పడం అలవాటైపోయింది. మా వారు దీన్ని గర్వమంటారు, అననివ్వండి.

అడగాల్సిన ప్రశ్న ఒకటి, కట్టు విప్పిన ఆ రోజు సుభానీ గారి షెడ్డు నుంచి ఇంటికొస్తుంటే దారిలో తట్టింది. అందరితో పోట్లాడే నేను, ఆ ఒక్కటి అడగడానికి ధైర్యం చాలక నెలలు గడిపాను. పోయినేడు ఆయన పోయారు. సుభానీ గారూ, బండి మీకు ముందే చెప్పేసిందిగా, మరి అంతమందిలో మళ్ళీ నన్నెందుకు అడిగారు?