అడ్డం కోసిన బెండకాయ

పటాన్‌చెరులోని ఒక చిన్న ల్యాబ్‌లో మంగళ, శుక్రవారాలు నేను ఇప్పటికీ మైక్రోస్కోపులో స్లైడ్లు చూస్తాను. అన్నిటికన్నా నాకిష్టమైనవి పరీక్షకని రోగుల నుంచి తీసి పంపే చిన్నపేగు ముక్కలు. ముక్క నువ్వుగింజంత ఉంటుంది. దాని లోపలి అంచున సన్నని వేళ్లు బారులు తీరి నిలబడి ఉంటాయి. బడి పుస్తకాలు వాటిని ఆంత్రచూషకాలు అంటాయి, నాకు మాత్రం అవి వేళ్లే. వాటిని కప్పిన కణాల మధ్యకు కొన్ని తెల్లకణాలు దూరి ఉంటాయి. వంద కణాలకు అవి పాతిక దాటితే ఆలోచించాలి. ఒక్కో తెల్లకణానికి ఒక చింతగింజను ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలో వేస్తాను.

"మళ్ల అష్టాచెమ్మా షురూ అయింది" అంటుంది మా టెక్నీషియన్. ఆమెది లక్డారం. ముక్కల్ని మైనంలో నిలబెట్టి, పొరలుగా కోసి, రంగు వేసేది ఆమే. ఇరవై రెండేళ్లుగా నేను చూసిందంతా ఆమె కోసి ఇచ్చిందే.

జూన్ పదో తేదీన వచ్చిన ముక్కలో వేళ్లు పొట్టిగా కనిపించాయి. చింతగింజలు ముప్పై నాలుగు. గోధుమ పడని జబ్బు కావచ్చని రాశాను.

"ముక్క పండుకున్నట్టున్నది మేడం" అంది ఆమె.

"ముప్పై నాలుగు అంటే ముప్పై నాలుగే" అని సంతకం పెట్టాను. ముక్కను మైనంలో పెట్టింది ఆమే కదా, తన తప్పు తానే ఒప్పుకుంటోందని నాకు తట్టలేదు.

పదిహేడు రోజుల తర్వాత, శుక్రవారం, ఆ ముక్క ఎవరిదో ఆవిడే రిపోర్టు పట్టుకుని వచ్చింది. గడ్డపోతారం ఫ్యాక్టరీల్లో పనిచేసే బిహార్ కుర్రాళ్లకు మెస్ నడుపుతుంది. రోజుకు నూట నలభై గోధుమ రొట్టెలు.

"గిది మీరే రాసిండ్రంట. జెర మళ్ల ఒక్కపారి సూడుండ్రి మేడం."

"చూసే రాసిన."

"వంటింట్ల గోధుమపిండే ఉండొద్దన్నడు డాక్టర్ సాబ్. పోరగాండ్లకు జొన్నరొట్టె పెట్టిన. మూడు దినాలు మర్యాదకు తిన్నరు. నాలుగో దినం, చాచీ, నువ్వు ఎప్పుడు ఠీక్ అయితవ్ అని అడిగిండ్రు. ఇప్పుడు సగం మంది వేరే మెస్‌కు పోయిండ్రు. నా జిందగీల నాకొచ్చిన పని గదొక్కటే."

నేను రిపోర్టు చేతికి తీసుకోలేదు. లోపలి గదిలోంచి టెక్నీషియన్ వచ్చి నిలబడింది.

"మేడం, బెండకాయను అడ్డం కోసి, ఇది పొట్టిగున్నది అంటే ఎట్ల?"

నాకు కోపం వచ్చింది. పాత స్లైడు మళ్లీ పెట్టాను. వేళ్ల కింద గొట్టాల్లా పొడుగ్గా కనిపించాల్సిన గుంటలు గుండ్రంగా, చక్రాల్లా ఉన్నాయి. ముక్క పడుకునే ఉంది. జూన్ పదిన కూడా ఆ చక్రాలు అక్కడే ఉన్నాయి. నేను లెక్కలో ఉండి చూడలేదు.

టెక్నీషియన్ మైనం కరిగించి, ముక్కను నిలబెట్టి, మళ్లీ కోసింది. సాయంత్రం దాకా మెస్ ఆవిడ బెంచీ మీదే కూర్చుంది. కొత్త స్లైడులో వేళ్లు నిటారుగా, గుంటలకు మూడింతల ఎత్తున, ఉండాల్సినట్టే ఉన్నాయి. చింతగింజలు ఇరవై ఏడు.

పాతిక మీద రెండు. ఆ రెండు ఎందుకో పేగు ముక్క ఒక్కటే చెప్పదు.

"నొప్పి గోళీలు గిట్ల మింగుతవా?" అని అడిగాను.

"మోకాళ్లకు. మార్చి నుంచి, దినాం రెండు."

ఆ గోళీలతో కూడా తెల్లకణాలు పెరగవచ్చు. కొత్త రిపోర్టులో అది రాశాను. జబ్బు ఉందనీ రాయలేదు, లేదనీ రాయలేదు. రక్తపరీక్ష కూడా చూసి డాక్టరే తేల్చాలి. మొదటి వాక్యం మాత్రం ఇది: జూన్ పదిన నేనిచ్చిన రిపోర్టు తప్పు. టెక్నీషియన్ అది చదివి, "నా పేరు గుడ రాయుండ్రి, ముక్క పండవెట్టింది నేనే" అంది. సంతకం నాది కాబట్టి రాయలేదు.

రక్తపరీక్షలో ఏమీ లేదు. డాక్టరు గోళీలు మాన్పించి, గోధుమ తినమన్నాడు.

జూలై పదిహేను, మంగళవారం. మెస్ ఆవిడ ల్యాబ్‌కు గుడ్డలో చుట్టిన గోధుమ రొట్టెలు, డబ్బాలో కూర తెచ్చింది.

"ఏం కూర?" అంది టెక్నీషియన్.

"బెండకాయ. నిలువుగనే కోసిన తియ్యి."

ముందు నువ్వు తిను అని ఆవిడతో అన్నాను. ఈ రొట్టె తిని చాలా రోజులయిందంటూ చిన్నగా నవ్వి, రొట్టె తుంచింది. మేమిద్దరం మా పళ్లేలు ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాం. మూడు తిన్నది.